కాలు కిందే ఉంది

కుట్టు దుకాణం వెనక గది నుంచి

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఫోను చేస్తే నీకు సగం వినపడదు. వినపడిన సగానికి "ఆఁ, సరే" అంటావు. ఆ డిపోలో గ్రైండర్ల మోత నీ చెవులు తినేసింది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. మా గదికీ దుకాణానికీ మధ్య అడ్డం ఒక్క తెరే. నేనిక్కడ గుసగుసలాడితే అక్కడ మీ బావ కత్తెర ఆగిపోతుంది.

సంగతి కారు గురించి. కాస్త వేగంలో ఉండి బ్రేకు వేస్తే స్టీరింగ్ గజగజ వణుకుతోంది. పక్క సీట్లో కూర్చున్న నాకు పళ్ళు టకటకమంటున్నాయి. ముగ్గురికి చూపించాం, ముగ్గురూ మూడు మాటలు చెప్పారు. మన గడ్డం మేస్త్రీ ప్యాడ్లు అరిగాయి, అవి మారిస్తే చాలన్నాడు. అద్దాల తలుపుల షాపువాళ్ళు మాకు టీ ఇచ్చి, కుర్చీ వేసి, రోటర్లు కూడా పోయాయన్నారు. వంతెన దగ్గర ఆయన డిస్కుల్ని లేతు మీద పెట్టి చెక్కితే కొత్తవాటిలా అవుతాయన్నాడు. ముందు నాకో విషయం చెప్పు. డిస్కూ రోటరూ ఒకటేనా, వేరువేరా? వేరైతే రెండింటికీ డబ్బు గుంజుతారా?

మీ బావ ఏ ఖర్చునైనా ప్యాంట్లలోకి మార్చి చూస్తారు, నీకు తెలిసిందే. గడ్డం మేస్త్రీది ఆరు ప్యాంట్ల కుట్టుకూలి. వంతెన దగ్గరాయనది పదిహేను. అద్దాల షాపుది నలభై ప్యాంట్లూ, పైన ఒక కోటూ. పోయిన ఏడాదే కదా ప్యాడ్లు మార్చింది, ఇంతలోనే ఎలా అరిగాయని అడిగితే ముగ్గురూ ఒకేలా భుజాలెగరేశారు. ఆ ఒక్క విషయంలోనే వాళ్ళ మధ్య ఐకమత్యం.

నా భయం డబ్బు గురించి కాదు. అమ్మాయి కొండమీద బడిలో పనిచేస్తోంది కదా. పాపకి అక్కడి చెమ్మ పడటం లేదు, రోజూ ఆయాసమే. కిందికి తీసుకెళ్ళి కొన్నాళ్ళు ఉంచమని డాక్టరు చెప్పాడు. అల్లుడు ఓడ మీద ఉన్నాడు, ఇప్పట్లో రాడు. బడికి సెలవులివ్వగానే మేమే వెళ్ళి తల్లినీ పిల్లనీ దింపుకు రావాలి. ఆ మలుపుల దారి నువ్వు చూశావు. ఎక్కేటప్పుడు ఇంజను మోస్తుంది, దిగేటప్పుడు బ్రేకే దిక్కు.

ఒకప్పుడు దుకాణం పాత వ్యాను నేనే నడిపేదాన్ని, గుర్తుందా? గేర్లు లేని ఈ కారు వచ్చాక మీ బావ నన్ను పక్క సీటుకి బదిలీ చేశారు. పక్క సీట్లోవాళ్ళకి భయపడటం తప్ప వేరే పనుండదు. త్వరగా జవాబు రాయి.

అక్క

*

డిపో క్వార్టర్స్ నుంచి

అక్కకి నమస్కారాలు.

డిస్కన్నా రోటరన్నా ఒకటే. చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్ళెం అది. ప్యాడ్లు దాన్ని రెండు వైపుల నుంచీ పట్టకారులా పట్టుకుంటాయి. అలా పట్టుకోవడమే బ్రేకు. పళ్ళెం వేడెక్కి వంకరపోతే ప్యాడ్లు ఎత్తుపల్లాల మీద పట్టుకుంటాయి, అదే నీ పళ్ళ టకటక.

టీ ఇచ్చారన్న కోపంతో అద్దాల షాపువాళ్ళని తిట్టకు. వాళ్ళు చెప్పిందే నిజం, కాకపోతే కోటు మాత్రం ఎక్కువ. చెక్కించవద్దు. చెక్కిన కొద్దీ పళ్ళెం పలచబడుతుంది, పలచబడ్డది ఇంకా తొందరగా వంకరపోతుంది. ముందు చక్రాలు రెండింటికీ డిస్కులూ ప్యాడ్లూ కలిపి మార్పించండి, ఒక పక్కది మార్చి రెండో పక్కది వదలొద్దు. సామాను నాకు తెలిసిన కొట్లో కొని మన ఊరి బస్సులో పంపిస్తాను. బిగించే పని గడ్డం మేస్త్రీకే ఇవ్వండి, వాడి చెయ్యి మంచిది. ఇరవై అయిదు ప్యాంట్లలో తేలుతుందని బావకి చెప్పు. బిగించాక ఖాళీ రోడ్డు మీద మెల్లగా చాలాసార్లు బ్రేకు వేసి వదలాలి, కొత్త ప్యాడు కొత్త డిస్కుకి అలవాటు పడాలి కదా.

నాకు అర్థం కానిది వేరే ఉంది. బావ మా డిపో డ్రైవర్లలా బండిని తరిమే మనిషి కాదు. ఆయన వెనక వెళ్తే సైకిలువాడికి కూడా విసుగొస్తుంది. అలాంటి చేతిలో ప్యాడ్లు మూడేళ్ళు రావాలి. ఏడాదికే ఎందుకు పోయాయో నాకూ భుజాలెగరేయాలనే ఉంది. కానీ నువ్వు అక్కడి నుంచి తిడతావు.

పాపకి ఇప్పుడెలా ఉందో రాయి.

తమ్ముడు

*

కుట్టు దుకాణం వెనక గది నుంచి

తమ్ముడికి,

నువ్వు పంపినవన్నీ బిగించాం. నువ్వు చెప్పినట్టే ఖాళీ రోడ్డు మీద వేసి వదిలాం. కొన్నాళ్ళు బండి వెన్నలా ఆగింది. నీ పేరు చెప్పుకుని సంతోషించాను కూడా. నాలుగు నెలలు తిరక్కుండానే మళ్ళీ వణుకు మొదలైంది. నువ్వు పంపిన సామాను నాసిదా, మేస్త్రీ పని నాసిదా, కారుకే దిష్టి తగిలిందా, నాకు దిక్కు తోచడం లేదు. మేస్త్రీ మీద నోరు పారేసుకున్నాను. వాడు చక్రం ఊడదీసి, "చూడండమ్మా, నేను చేసింది కాదిది" అని డిస్కు చూపించాడు. దాని మీద నీలం మరకలున్నాయి. ఇనుముకి నీలం రంగు ఎవరు పూశారో.

ఇంకో వింత విను. మా వీధిలో పాలు పోసే ఆయన మొన్న నన్నాపి, "మీ కారు వెనక ఎర్ర లైటు ఆరదేంటమ్మా? వెనక వచ్చేవాళ్ళకి మీరు ఆగుతున్నారో పోతున్నారో తెలియడం లేదు" అన్నాడు. స్విచ్చి పాడైందేమోనని అదీ మార్పించాం. అయినా ఆరడం లేదట. ఇంటి ముందు నిలబెట్టి చూస్తే మాత్రం బుద్ధిగా ఆరిపోతుంది. పెట్రోలు కూడా ఇదివరకటి కంటే ఎక్కువ తాగుతోంది. ఈ కారు నాతో ఆడుకుంటోందని ఒక్కోసారి అనిపిస్తుంది.

మీ బావకి ఇవేవీ పట్టవు. వయసుతో పాటు పరధ్యానం ముదిరింది. పోయిన వారం బజారు నుంచి ఒక చెప్పుతో ఇంటికొచ్చారు. రెండోది ఏదీ అంటే కిందికి చూసి తెల్లబోయారు. వెతుక్కుంటూ వెళ్తే వీధి మొదట్లో, కారు దిగిన చోటే పడి ఉంది. అంత దూరం ఒక కాలికి చెప్పు లేకుండా గులకరాళ్ళ మీద నడిచొచ్చారు మహానుభావుడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

దుకాణంలో తొక్కుడు మిషనుకి మోటారు పెట్టించారు. పెళ్ళయిన కొత్తలో "మోటారు కుట్టు కుట్టా" అని వెక్కిరించిన మనిషికి ఇప్పుడు నాగరికత మీద మనసైంది. సరే, మంచిదే.

బడికి సెలవులు దగ్గర పడుతున్నాయి. పాప ఆయాసం తగ్గలేదు. ఈ బ్రేకుల సంగతి తేల్చు.

అక్క

*

డిపో క్వార్టర్స్ నుంచి

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సామాను నాసిది కాదు, అదే కొట్టు సరుకు మా బస్సులకీ వాడతాం. మేస్త్రీ తప్పూ లేదు. వాడితో మళ్ళీ మంచిగా మాట్లాడు.

ఆ నీలం రంగు ఎవరూ పూయలేదు. ఇనుము బాగా కాగితే అలా నీలం తిరుగుతుంది. అంటే డిస్కు ఆగకుండా వేడెక్కుతోంది. అది రెండు రకాలుగా జరుగుతుంది. ప్యాడ్లని నొక్కే కాలిపరు పట్టేసి వదలకపోతే ఒక చక్రమే కాగుతుంది. రెండు చక్రాలూ సమానంగా కాగుతుంటే, దారి పొడుగునా పెడలు మీద కాలు ఉందన్నమాట.

బండి తిరిగొచ్చాక రెండు ముందు చక్రాల మీదా కాసిని నీళ్ళు చిలకరించి చూడు, ముట్టుకోకు. ఒకటే చుయ్‌మంటోందా, రెండూనా? తరవాత బావ పక్కన కూర్చుని ఆయన పాదాల వైపు చూడు. బ్రేకు ఏ కాలితో వేస్తారో రాయి. గేర్లు లేని కారు కుడికాలితోనే నడపాలి, ఎడమ కాలికి అక్కడ పనే లేదు.

ఇంకో మాట కూడా ఉంది. అయితే అది నాది కాదు, నీకు చెప్పనని ఒకరికి మాటిచ్చాను. ఈ రెంటికీ జవాబు వచ్చాక ఆలోచిస్తాను. అందాకా ఆ కారులో దూరం వెళ్ళకండి.

తమ్ముడు

*

కుట్టు దుకాణం వెనక గది నుంచి

తమ్ముడికి,

నీది కాని మాట నీ దగ్గర ఎందుకుందిరా? ఎవరికిచ్చావు మాట? సగం చెప్పి సగం మింగడం నీకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే. సరే, ముందు నువ్వడిగినవి చెప్తాను.

రెండు చక్రాలూ చుయ్‌మన్నాయి. ఒకదానితో ఒకటి పోటీ పడి మరీ.

కాళ్ళ సంగతి అడిగావు. రెండూ వాడతారు. ఎడమది బ్రేకు మీద, కుడిది యాక్సిలేటరు మీద. కారు కొన్నరోజే చెప్పారు నాతో, "రెండు పెడళ్ళు, రెండు కాళ్ళు. మూడోది ఉంటేనే కదా చిక్కు" అని. బతుకంతా తొక్కుడు మిషను మీద రెండు పాదాలూ ఆనించి కూర్చున్న మనిషి. ఒక కాలు ఊరికే పెట్టుకోమంటే ఆయనకి తోస్తుందా? నాకూ అది సబబుగానే అనిపించింది. తప్పని ఇప్పుడు నువ్వంటుంటే తెలిసింది.

అయితే నాకు నిద్ర పట్టనిది అది కాదు.

నిన్న ఆయన పక్కన కూర్చుని కిందికి చూశాను. తిన్నని రోడ్డు, ఎదురుగా ఎవరూ లేరు. ఎడమ పాదం బ్రేకు మీద బరువుగా ఆని ఉంది. మెల్లగానే చెప్పాను, "ఆ ఎడమ కాలు తీయండి" అని.

"తీసే ఉంది" అన్నారు.

"పెడలు మీద ఉందండీ."

"కాలు కిందే ఉంది" అన్నారు, నేనేదో చాదస్తంగా మాట్లాడుతున్నట్టు.

నేను చూస్తూనే ఉన్నాను తమ్ముడూ. పాదం పెడలు మీదే ఉంది. ఆయన ముఖంలో మాత్రం అబద్ధం చెప్పే మనిషి కంగారు లేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నాతో ఆడిన అబద్ధాలు కత్తెర్ల ధర గురించే, అవి కూడా సరిగ్గా ఆడటం రాక దొరికిపోయేవారు. కళ్ళెదుట ఉన్నదాన్ని లేదనడం ఎప్పుడు నేర్చుకున్నారు? నా మీద అంత చులకనా? ఇంటికొచ్చాక తెరకి అటు ఆయన, ఇటు నేను. మోటారు మిషను మాత్రం గీపెడుతూనే ఉంది.

ఎవరిని నమ్మాలి నేను? ఆయన మాటనా, నా కళ్ళనా?

అక్క

*

డిపో క్వార్టర్స్ నుంచి

అక్కా,

రెండూ నమ్ము. నీ కళ్ళు చూసిందీ నిజమే, బావ చెప్పిందీ అబద్ధం కాదు. కాలు ఎక్కడుందో ఆయనకి తెలియడం లేదని నా అనుమానం.

మాట తప్పుతున్నాను. లైనింగు గుడ్డ కోసం మా ఊరు వచ్చినప్పుడు బావ డిపోకి వచ్చారు, నీకు చెప్పి ఉండరు. బ్రేకులు బాగుచేసే గుంటలోకి వంగి, మా కుర్రాళ్ళు పనిచేస్తుంటే చాలాసేపు చూశారు. తరవాత నన్ను పక్కకి పిలిచి, "బ్రేకు పెడలు కాలికి ఇంకాస్త గట్టిగా ఎదురుతన్నేలా చేయొచ్చా? మరీ మెత్తగా ఉంది, తొక్కినట్టే తెలియడం లేదు" అన్నారు. గట్టి స్ప్రింగు వేయొచ్చు గాని దేనికి బావా అన్నాను. "ఊరికే అడిగాను. మీ అక్కకి చెప్పకు, కారు అమ్మేయమని గోల చేస్తుంది" అన్నారు. కొత్త సరదా కాబోలనుకుని నవ్వి మాటిచ్చాను. నీ సగమూ నా సగమూ పక్కపక్కన పెట్టుకుంటే ఇప్పుడు నవ్వు రావడం లేదు.

చెప్పు జారిపోతే తెలియలేదు. గులకరాళ్ళు తెలియలేదు. తొక్కుడు మిషనుకి మోటారు పెట్టించారు. పెడలు ఎదురుతన్నాలన్నారు. నీకు తెలిసినవి నువ్వూ, నాకు తెలిసింది నేనూ దేనికది వేరనుకున్నాం. మా డిపోలో ఒక డ్రైవరుకి ఇలాగే అయింది. ఒంట్లో చక్కెర చాలాకాలం ఎవరూ పట్టించుకోక, పాదాల్లో నరాలు చచ్చుబడ్డాయి. బ్రేకనుకుని పక్కన తొక్కాడు. ఆ రోజు బస్సు ఖాళీగా ఉండబట్టి సరిపోయింది.

నేను డాక్టరుని కాదు. పొరపాటే అయితే నన్ను ఎన్ని తిట్టినా పడతాను. కానీ ఆయన్ని కొండెక్కనివ్వద్దు. దిగే దారిలో అలా కాలు ఆనించి ఉంచితే డిస్కులు కాగి కాగి, సగం దిగేసరికి బ్రేకు పట్టడమే మానేస్తుంది. వెనక సీట్లో పాప ఉంటుంది. ఇంతకంటే మెత్తగా రాయడం నాకు చేతకాదు.

తమ్ముడు

*

కుట్టు దుకాణం వెనక గది నుంచి

తమ్ముడికి,

నిన్ను తిట్టే పని లేదు. తిట్టాలనే కాగితం తీశాను, చెయ్యి రాలేదు.

నీ ఉత్తరం అందిన సాయంత్రం ఆయన పనయ్యాక మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఏమీ అనకుండా వెళ్ళి ఎడమ పాదం ఒళ్ళో పెట్టుకున్నాను. ఏంటీ మర్యాదలు అన్నారు. అరికాలు తిప్పి చూస్తే మడమ దగ్గర గుండుసూది దిగి ఉంది. దుకాణంలో నేలంతా గుండుసూదులే కదా. తల దాకా దిగింది. చుట్టూ చర్మం నల్లబడి ఉంది, ఎన్నాళ్ళదో. దాంతోనే నడుస్తున్నారు, దాంతోనే బ్రేకు తొక్కుతున్నారు.

లాగి ఆయన అరచేతిలో పెట్టాను. "ఇది ఎక్కడిది?" అన్నారు. మీ కాలిలోదే అన్నాను. సూదినీ నన్నూ మార్చి మార్చి చూశారు. అప్పుడు చెప్పారు. ఎండలు మొదలైనప్పటి నుంచీ పాదాలు దూది మీద పెట్టినట్టే ఉన్నాయట. మిషను తొక్కితే పట్టీ తిరుగుతోందో లేదో చప్పుడుని బట్టి తెలుసుకునేవారట. తొక్కలేని దర్జీ దగ్గరికి ఎవరొస్తారని దాచారట. నేను ఏడ్చాను. ఒక చెప్పుతో వచ్చినరోజు నవ్వినందుకు ఏడ్చాను. ఆయన నా వీపు నిమురుతూ, "మోటారు ఉందిగా, కుట్టు పోదు" అన్నారు, ఓదార్పు నాకు కావలసినట్టు.

డాక్టరు నువ్వన్నదే అన్నాడు, చక్కెరే. మందులు రాశాడు, పుండు కడిగి కట్టు కట్టాడు. పోయిన స్పర్శ తిరిగొస్తుందో లేదో చెప్పలేనన్నాడు. కారు మాత్రం ముట్టుకోవద్దన్నాడు. ఆ మాటకి ఆయన తల వంచుకున్నారు. సూది చూసినప్పుడు కూడా అంత వంచలేదు.

మరి పాపని ఎవరు దింపుతారు? బాడుగ కారువాళ్ళు వానల్లో ఆ దారికి రామంటున్నారు. నువ్వు రాగలవా?

అక్క

*

డిపో క్వార్టర్స్ నుంచి

అక్కా,

నేను బిగించగలను గాని నడపలేను. వెనక హారను కొడితే నాకు వినపడదని డిపోవాళ్ళే నా చేతికి స్టీరింగ్ ఇవ్వడం మానేశారు. ఆ మలుపుల్లో హారనే ప్రాణం. చెవి లేని వాణ్ణి నేను, కాలు లేని వాడు బావ. మన ఇంట్లో అన్నీ ఉన్నదానివి నువ్వే.

నవ్వులాట కాదు. పాత వ్యానుని గుడ్డల మూటలతో ఆ కొండెక్కించినదానివి నువ్వు. దానికి బ్రేకులు దేవుడిచ్చినంతే ఉండేవి. రోజూ పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు నడిపి చెయ్యి తిప్పుకో. ఎడమ కాలు ముడుచుకుని కూర్చో. కొత్త డిస్కులూ ప్యాడ్లూ మళ్ళీ పంపుతున్నాను, ఆదివారం నేనే వచ్చి మేస్త్రీతో కలిసి బిగిస్తాను. గేర్లు లేని కారని పేరే గాని, దానికీ ఒక కర్ర ఉంటుంది. దిగేటప్పుడు దాన్ని కిందికంటా లాగి చిన్న గేరులో పెట్టు, బండిని ఇంజనే పట్టుకుంటుంది. బ్రేకు పట్టుకుని వేలాడకు. గట్టిగా వెయ్యి, వదిలెయ్, చల్లారనియ్.

బావని పక్కన కూర్చోబెట్టుకో. ఇంట్లో వదిలేసి వెళ్ళకు.

తమ్ముడు

*

కుట్టు దుకాణం వెనక గది నుంచి

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

దిగాం. తల్లీ పిల్లా గదిలో నిద్రపోతున్నారు. పాప ఊపిరి ఇక్కడ అప్పుడే తేలికపడింది. తెర అవతల మిషను ఆపేశారు, పాప లేస్తుందని.

ఎక్కేటప్పుడు భయం వేయలేదు. దిగేటప్పుడు మొదటి మలుపులోనే వేసింది. నువ్వు చెప్పినట్టే చిన్న గేరులో పెట్టాను. వేశాను, వదిలాను. వణుకు లేదు, వాసన లేదు. వెనక అమ్మాయి పాపని గుండెకి హత్తుకుని కూర్చుంది. మీ బావ నోరెత్తలేదు. అది ఆయనకి కొండ దిగడం కంటే కష్టమని నాకు తెలుసు.

సగం దారిలో, పెద్ద లోయ పక్క మలుపులో, ఎదురుగా లారీ వచ్చింది. ఆపి దారిచ్చాను. అది వెళ్ళిపోయాక ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే, "నా కాలు ఎక్కడుందో చూడు" అన్నారు. ఇన్నాళ్ళూ నాకు చెప్పిన మనిషి, మొదటిసారి నన్ను అడిగారు.

చూశాను. లేని బ్రేకు మీద ఉంది. కట్టు కట్టిన ఎడమ పాదం కింద పట్టాని నేలకంటా నొక్కేస్తోంది. కిందే ఉందని చెబుదామా అనుకున్నాను. కానీ అడిగింది నన్ను నమ్మి. "బ్రేకు తొక్కుతున్నారండీ" అన్నాను.

ఆయన వంగి, రెండు చేతులతో మోకాలు పట్టుకుని, ఆ కాలిని ఎత్తి పక్కన పెట్టుకున్నారు. ఇస్త్రీ చేసిన ప్యాంటుని మడత చెడకుండా బల్ల మీద పెడతారు చూడు, అలాగే. తరవాత ప్రతి మలుపులోనూ అడిగారు. ప్రతిసారీ చూసి చెప్పాను, ఆయన ఎత్తి పెట్టుకున్నారు. కొండ దిగేదాకా ఇద్దరం అదే పనిగా వచ్చాం.

ఖర్చు మొత్తం ఎన్ని ప్యాంట్లయిందో ఈసారి ఆయన లెక్క కట్టలేదు. పాలాయన మాత్రం పొద్దున్న ఆగి, మీ ఎర్ర లైటు బాగైందమ్మా అని చెప్పి వెళ్ళాడు.

అక్క